శనివారం సాయంత్రం, పని దిగాక

మార్చి 13, 2021, ఫ్రెస్నో, కాలిఫోర్నియా

కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా ఇది రాసే పడుకుంటాను.

తోట కూలీలకి కోవిడ్ టీకాలు వేయడానికి మధ్యాహ్నం మూడింటికి ఆరెంజ్ కోవ్‌లో ఒక చర్చి పార్కింగ్‌లో బల్లలు వేసుకుని కూర్చున్నాం. పోయినసారి క్యాంపు మంగళవారం పొద్దున పదింటికి పెట్టారు. పట్టుమని పదిమంది కూడా రాలేదు. వీళ్ళకి టీకా అంటే భయం అని మాలోనే ఒకరన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ వేళకి నారింజ చెట్టుకి నిచ్చెన వేసుకుని, భుజాన సంచి తగిలించుకుని కాయ కోస్తుంటారు. బిన్నుకి, అంటే కాయ నింపే పెద్ద పెట్టెకి, ఇంత అని కూలి. దిగి వస్తే ఆ పూట డబ్బులు పోయినట్టే.

ఈసారి శనివారమే పెట్టాలని మా ప్రొమోతోరా పట్టుబట్టింది. ప్రొమోతోరా అంటే మన ఆశా కార్యకర్త లాంటి మనిషి, ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం సంగతులు చెబుతుంది. ఈవిడది మెక్సికోలో ఓహాకా రాష్ట్రం, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళు ద్రాక్ష తోటల్లో పనిచేసింది. ఆవిడ లెక్క ఒకటే: శనివారం సాయంత్రం వేయించుకుంటే, జ్వరం వచ్చినా ఆదివారం పడుకుని సోమవారం పనికి పోవచ్చు. స్పానిష్ కరపత్రాలు కూడా వద్దంది. ఓహాకా నుంచి వచ్చిన చాలామందికి ఇంటి భాష మిస్తెకో, స్పానిష్ తర్వాత నేర్చుకున్నదే. అందుకని తన గొంతుతోనే మిస్తెకోలో చెప్పి వాట్సాప్‌లో పంపింది.

నాలుగయ్యేసరికి వరుస గోడ చివరిదాకా పోయింది.

ఒకాయన, యాభై ఏళ్ళుంటాయేమో, నా బల్ల దగ్గరికి వచ్చి పర్సులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరిగిపోయి టేపు అంటించి ఉంది. పోయినేడు మార్చిలో మేస్త్రీ ఇచ్చిన ఉత్తరం. ఈ మనిషి చేసేది అత్యవసరమైన పని, లాక్‌డౌన్‌లో దారిలో ఆపొద్దు అని. ఏడాదిగా అది పర్సులోనే ఉంది. పనిచేస్తున్నట్టు రుజువు అడుగుతారని తెచ్చుకున్నాడు. ఇమ్మిగ్రేషన్ కాగితాల గురించి మేం అడగం, మా ఫారంలో ఆ గడే లేదు. ఆ మాట ప్రొమోతోరా రెండుసార్లు చెప్పాకే కుర్చీలో కూర్చున్నాడు. మొన్న గురువారం కోవిడ్ సాయంగా మనిషికి 1,400 డాలర్లిచ్చే చట్టం మీద సంతకం అయింది. మా ఇంటికి వస్తాయి. కాగితాల్లేని వాళ్ళకి రావు, ఉత్తరంలో అత్యవసరం అని రాసున్నా సరే. అది గుర్తొచ్చి ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

చొక్కా చెయ్యి పైకి మడిస్తే మోచేతి దాకా ముళ్ళ గీతలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మాదగ్గర ఉన్నది మోడెర్నా. ఒక్క డోసుతో అయిపోయే టీకాకి పోయిన నెలాఖరులో అనుమతి వచ్చింది గానీ మా క్యాంపుకి ఇంకా చేరలేదు. రెండో డోసుకి 28 రోజులు. కార్డు మీద ఏప్రిల్ 10 అని రాసిచ్చాను. అప్పటికి ముఠా ఎక్కడ ఉంటుందో తెలియదన్నాడు. కుదరకపోతే ఆరు వారాల దాకా ఆగొచ్చు, ఏ ఊళ్ళో ఉన్నా వేస్తారు, ఈ కార్డు మాత్రం పారేసుకోవద్దు అని చెప్పించాను. ప్రొమోతోరా ఆయన నంబరు తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆయన కార్డుని ఆ ఉత్తరం మడతలోనే పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్ చేసింది. గుంటూరు దగ్గర మా ఊళ్ళో మిరప కోతలు నడుస్తున్నాయట. పోయినేడు లాక్‌డౌన్‌లో కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీలు పొలాల్లోనే గుడారాల్లో చిక్కుకుపోతే అమ్మావాళ్ళు బియ్యం ఇచ్చి వచ్చారు. "వాళ్ళే మళ్ళీ వచ్చారే, ఆ పెద్దామె కూడా వచ్చింది" అంది. వాళ్ళకి టీకా సంగతి ఎవరైనా చెబుతున్నారా అని అడిగాను. కనుక్కుంటానంది.

వేసవి వేళ మొదలవుతుంది కాబట్టి ఇవాళ రాత్రి ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరపాలి. జ్వరం వచ్చినవాళ్ళకి రేపటి ఆదివారంలో ఒక గంట తక్కువ.