సాక్సుల ఊలుతో చంటిపాపకు స్వెటర్: నా అనుభవం

మా తమ్ముడు జర్మనీలో చదువుకుంటున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఏం తేవాలని అడిగితే సాక్సుల ఊలు తెమ్మన్నాను. చాక్లెట్లు అడుగుతాననుకున్నాడేమో, రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. అక్కడ ఈ ఊలు చాలా రకాల్లో దొరుకుతుంది. 100 గ్రాముల ఉండలో దాదాపు 420 మీటర్ల దారం ఉంటుంది. ముప్పావు వంతు ఉన్ని, పావు వంతు నైలాన్. మడమ దగ్గర సాక్సు తొందరగా అరిగిపోకూడదని నైలాన్ కలుపుతారు. దీని ప్రత్యేకత రంగులోనే ఉంది. దారానికి ముందే లెక్క ప్రకారం రంగులు అద్దుతారు. మనం ఒకే దారంతో మామూలుగా అల్లుకుంటూ పోతే చారలు, చుక్కల వరుసలు వాటంతట అవే పడతాయి. చూసినవాళ్లు నాలుగైదు ఉండలతో అల్లామనుకుంటారు.

చెల్లెకు ఏడో నెల. డిసెంబర్‌లో కాన్పు. హన్మకొండలో చలి ఉండేదే డిసెంబర్, జనవరి రెండు నెలలు, స్వెటర్ వాడేదీ అప్పుడే. ఊలు బయటికి తీయగానే అత్తమ్మ అడ్డుపడింది. "పుట్టకముందు పిల్లకు కొత్త బట్టలు కుట్టొద్దు" అంది. ఇలాంటి వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు కానీ, కాన్పు చెల్లెది. వాదన పెట్టుకుని అందరికీ టెన్షన్ పెంచడం ఎందుకని ఊలు పక్కన పెట్టాను.

మామయ్య వరంగల్ కొత్తవాడలో ఏళ్ల తరబడి జంపఖానాలు నేశారు. (దర్రీలన్నా ఇవే. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే ఆ ఊరి సొంత సరుకుగా గుర్తింపు వచ్చింది. ఆయనకు మాత్రం అది మోకాళ్లు పట్టేసిన తర్వాత వచ్చిన సన్మానం.) ఆయన ఆ ఉండ చేతిలోకి తీసుకుని, దారం నాలుగు బారలు లాగి, రంగు ఎక్కడ మారుతుందో చూశారు. తర్వాత ఒక్కటే ప్రశ్న. "పన్నా ఎంత బిడ్డా?"

పన్నా అంటే బట్ట వెడల్పు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. పోచంపల్లి చిటికి పనిలో, అంటే దారానికే ముందు రంగులద్ది నేసే ఇక్కత్‌లో, పేక (అడ్డ) దారానికి ముడులు కట్టి రంగు వేసేటప్పుడు బట్ట వెడల్పు లెక్క ముందే ఉంటుందట. ఆ వెడల్పు మారితే పువ్వు చెదిరిపోతుంది. సాక్సుల ఊలు కూడా అంతే. దాని లెక్కంతా సాక్సు చుట్టుకొలతకే, అంటే ఒక్కో చుట్టుకు 60 నుంచి 70 కుట్లు. స్వెటర్‌ను ముందూ వెనకా కలిపి ఒకేసారి అల్లితే వరుసకు 130 దాకా పడతాయి. అప్పుడు ఒక్కో రంగు సగం ఎత్తుకే అయిపోయి, చారలు సన్నగా పీలికల్లా కనిపిస్తాయి.

12 నంబర్ సూదులతో ముందు చిన్న ముక్క అల్లి కొలిచాను. అంగుళానికి 7 కుట్లు వచ్చాయి. వెనక ముక్కకు 64 కుట్లు వేస్తే తొమ్మిది అంగుళాలు దాటుతుంది. ముందూ వెనకా కలిపి చుట్టూ 18 అంగుళాలు. మూడు నెలల పాపకు వదులుగా సరిపోతుంది. 64 అంటే సాక్సు లెక్క కూడా. అందుకని అన్నీ విడివిడి ముక్కలుగా అల్లాలని నిర్ణయించుకున్నాను. అత్తమ్మకు కూడా ఇది నచ్చింది. "కలిపి కుట్టనంతవరకు అది బట్ట కాదు, ఉట్టి ముక్కలే" అని ఆమే దారి చూపించింది. కుట్టు పని కాన్పయ్యాక.

అల్లిక నాకు కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి ఉత్తరాది ఆంటీ నేర్పింది. సీదా (నిట్), ఉల్టా (పర్ల్) అన్న మాటలే ఇప్పటికీ నా నోట. వెనక ముక్కంతా ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా, అంతే. సాక్సును గుండ్రంగా అల్లుతారు, ఇది అటూ ఇటూ తిప్పుతూ అల్లేది కాబట్టి చుక్కలు కాస్త జరిగాయి. చార ఎత్తు మాత్రం లేబుల్ మీది బొమ్మలో ఉన్నట్టే వచ్చింది.

ముందు వైపు మధ్యలో గుండీలు కాబట్టి రెండు ముక్కలు, ఒక్కొక్కటి 32 కుట్లే. సగం వెడల్పు కాబట్టి చారలు రెట్టింపు ఎత్తు. వెనక సన్న చారలు, ముందు వెడల్పు చారలు. మామయ్యకు ఇది అస్సలు నచ్చలేదు, ఒకే తానులోది కాదన్నట్టుంది అన్నారు. నాకైతే బాగుంది. కానీ రెండు ముందు ముక్కలూ ఒకదానికొకటి కలవకపోతే మాత్రం చూడలేం. అందుకని నీలం రంగు మొదలయ్యే చోటు వెతికి, రెండింటినీ అక్కడి నుంచే మొదలుపెట్టాను. చేతులకూ అదే పద్ధతి, 40 కుట్లతో మొదలుపెట్టి 52 దాకా పెంచాను. ఇంకో సంగతి. ఒక ముక్కకు ఉండ బయటి కొస, ఇంకోదానికి లోపలి కొస వాడితే రంగుల వరుస తలకిందులవుతుంది. మధ్యలో కంపెనీవాళ్లు దారం అతికిన ముడి తగిలినా చూసుకోవాలి. ముడి తర్వాత రంగు వేరే చోట నుంచి మొదలవుతుంది. అక్కడ దారం కత్తిరించి, సరైన రంగు వచ్చేదాకా చుట్టి పక్కన పెట్టడమే.

మెడకు, గుండీల పట్టీకి తెల్ల ఊలు వాడాను. అన్ని రంగుల మధ్య కంటికి కాస్త విరామం కావాలి. గుండీలు వరంగల్ చౌరస్తాలో తీసుకున్నాను, చదునుగా ఉన్నవి. పాప నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి ఒక్కోదాన్ని లాగి చూసి మరీ కుట్టాను.

పాప పుట్టాక ముక్కల్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తువ్వాలు మీద కొలత ప్రకారం పరిచి ఆరబెట్టి, అప్పుడు కలిపాను. ఈ రకం ఉన్ని ఉతికితే ముడుచుకోదు, కానీ తడిగా ఉన్నప్పుడు సాగుతుంది. తీగ మీద వేలాడదీయొద్దని, లోపల కాటన్ జుబ్బా వేయమని చెల్లెకు చెప్పి పంపాను.

ఊలు మూడో వంతుకు పైగా మిగిలింది. ఏడాది పిల్లకు అల్లాలనుకునేవాళ్లకు వెనక ముక్కే 78 కుట్ల దాకా అవుతుంది, చార పలచబడుతుంది. నేనైతే మధ్యలో 64 కుట్లు ఈ ఊలుతోనే ఉంచి, అటూ ఇటూ ఏడేసి కుట్లు తెల్ల ఊలుతో అల్లుతాను. రంగు మారే చోట రెండు దారాల్నీ ఒకదాని మీద ఒకటి మెలేయాలి, లేకపోతే కన్నం పడుతుంది.