నింజా తాబేళ్లని పిల్లల్లాగే మాట్లాడనిచ్చారు

చిన్నప్పుడు చూసిన కార్టూన్‌ని పెద్ద సినిమాగా మళ్లీ తీస్తున్నారని వార్త వచ్చినప్పుడల్లా నాకు కొంచెం దిగులుగానే ఉంటుంది. అప్పటి పిల్లలే ఇప్పుడు టికెట్ కొనే పెద్దవాళ్లు కాబట్టి వాళ్లని మెప్పిస్తే చాలనుకుంటారు, పాత టైటిల్ మ్యూజిక్ కాసేపు వినిపిస్తారు, పాత డైలాగ్ ఒకటి చెప్పిస్తారు, హాల్లో ఈలలు పడతాయి, బయటికొచ్చాక మాట్లాడుకోవడానికి మాత్రం కథేమీ మిగలదు. 2023 ఆగస్టులో వచ్చిన ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్: మ్యూటెంట్ మేహెమ్’ ఆ దారిలో వెళ్లలేదు. మనుషుల్లా మాట్లాడుతూ ఫైట్లు చేసే నలుగురు తాబేలు అన్నదమ్ముల కథ ఇది, వీళ్ల మీద వచ్చిన సినిమాలన్నిటిలో నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే ఆ నలుగురూ ఇంకా పిల్లలేనన్న సంగతిని ఈ సినిమా మొదటి నిమిషం నుంచి చివరిదాకా మర్చిపోలేదు, బొమ్మ గీసిన తీరులో, గొంతుల్లో, కథలో, అన్నిట్లోనూ.

ఈ తాబేళ్లకి చాలా పెద్ద చరిత్రే ఉంది. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డోవర్‌లో కూర్చుని, అప్పట్లో జోరుగా నడుస్తున్న సూపర్‌హీరో కామిక్స్ మీద పేరడీగా ఒక బ్లాక్ అండ్ వైట్ కామిక్ గీసి, పబ్లిషర్ ఎవరూ లేకుండా తామే అచ్చు వేసుకున్నారు. ‘డేర్‌డెవిల్’ కామిక్‌లో ఒక కుర్రాడి చూపు పోగొట్టిన యాక్సిడెంట్ ఉంటుంది కదా, అలాంటి యాక్సిడెంట్‌లోనే ఎగిరిపడిన డబ్బా ఒకటి వీళ్ల కామిక్‌లో మ్యాన్‌హోల్‌లోకి పోయి తాబేలు పిల్లల మీద ఒలికి వాటిని మార్చేస్తుంది. ఆ కామిక్ చాలా మొరటుగా, నెత్తుటితో ఉంటుంది. నలుగురికీ మాస్కులు ఎరుపే. నీలం, ఊదా, నారింజ రంగులు, పిజ్జా పిచ్చి, బెల్టు మీద పేరులోని మొదటి అక్షరం, ఇవన్నీ మనకి తెలిసింది 1987 డిసెంబర్‌లో మొదలైన టీవీ కార్టూన్‌తో. బొమ్మల కంపెనీ ప్లేమేట్స్‌తో కలిసి నడిచిన ఆ కార్టూన్ 1996 దాకా సాగింది. బ్రిటన్‌లో అయితే ‘నింజా’ అనే మాట పిల్లలకి మంచిది కాదని తీసేసి ‘హీరో’ అని పెట్టారు, మైకెలాంజెలో అనే తాబేలు నంచాకు (గొలుసుతో కలిపిన రెండు కర్రలు) తిప్పే షాట్లు కూడా కోసేశారు.

ఆ తర్వాత 1990లో జిమ్ హెన్సన్ క్రియేచర్ షాప్ తయారుచేసిన రబ్బరు సూట్లతో సినిమా వచ్చింది, 2003లో ఇంకో సీరీస్, 2007లో కంప్యూటర్ యానిమేషన్ సినిమా, 2009లో వయాకామ్ అనే మీడియా కంపెనీ ఈ హక్కులు 6 కోట్ల డాలర్లకి కొనేసింది, 2012లో నికెలోడియన్ చానల్ సీరీస్, 2014లో మైకేల్ బే నిర్మించిన సినిమా, 2018లో మళ్లీ ఒక కార్టూన్. అంటే దాదాపు ప్రతి ఐదారేళ్లకోసారి ఎవరో ఒకరు వీళ్లని మళ్లీ మొదలుపెడుతూనే ఉన్నారు. ఇన్నిసార్లు తిప్పి తిప్పి తీశాక మిగిలిందేముంటుంది అనిపిస్తుంది. ఒకటి మిగిలింది, అదీ అందరి కళ్లముందే ఉన్నది.

నలుగురు తాబేళ్లకీ టీనేజ్ కుర్రాళ్లతోనే డబ్బింగ్ చెప్పించడం. 1987 కార్టూన్‌లో క్యామ్ క్లార్క్, రాబ్ పాల్సన్, బ్యారీ గోర్డన్, టౌన్సెండ్ కోల్మన్ అప్పటికే ముప్ఫైల్లో ఉన్న నటులు. అద్భుతంగా చేశారు, వాళ్ల గొంతులు నా చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి, కానీ అవి పిల్లల్లా నటిస్తున్న పెద్దవాళ్ల గొంతులు. ఈ సినిమాలో నికొలస్ కాంటు లియోనార్డోకి, బ్రేడీ నూన్ రాఫెల్‌కి, మైకా ఆబీ డొనాటెల్లోకి, షామన్ బ్రౌన్ జూనియర్ మైకెలాంజెలోకి గొంతు ఇచ్చారు. యానిమేషన్‌లో మామూలుగా ఒక్కో నటుడినీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి రికార్డ్ చేస్తారు, తర్వాత ఎడిటర్ ఆ ముక్కల్ని కలిపి సంభాషణ తయారుచేస్తాడు. డైరెక్టర్ జెఫ్ రో వీళ్లని ఒకే గదిలో కలిపి కూర్చోబెట్టి మాట్లాడుకోనిచ్చాడు, స్క్రిప్ట్‌లో లేని మాటలు కూడా రానిచ్చాడు.

ఆ తేడా సినిమా మొదలైన కాసేపటికే తెలిసిపోతుంది. ఒకడు వాక్యం మొదలుపెట్టకముందే ఇంకొకడు అడ్డం పడతాడు, మూడోవాడు ఇద్దరినీ వెక్కిరిస్తాడు, నాలుగోవాడు సంబంధం లేని విషయం ఏదో ఎత్తుకుంటాడు, ఆ గోలలో అసలు విషయం పోతుంది, అంతలో అందరూ దేనికో పడిపడి నవ్వుతుంటారు. అన్నదమ్ములున్న ఇంట్లో పెరిగిన వాళ్లెవరికైనా ఈ లయ తెలుసు. రైటర్ ఎంత గొప్పవాడైనా ఒంటరిగా కూర్చుని కాగితం మీద దీన్ని పుట్టించలేడు. లియో లీడర్ అనీ రాఫ్ దురుసువాడనీ డాని తెలివైనవాడనీ మైకీ అల్లరివాడనీ పాత టైటిల్ సాంగే చెప్పేసేది, ఇక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరు ఎవరి మాటకి అడ్డొస్తున్నారో వింటే చాలు.

బొమ్మల దగ్గరికి వస్తే, దీని వెనక 2018 నాటి ‘స్పైడర్ మ్యాన్: ఇంటు ది స్పైడర్ వర్స్’ ఉందన్నది నిజమే. అంతకుముందు చాలా ఏళ్లు హాలీవుడ్ కంప్యూటర్ యానిమేషన్ అంతా ఒకే దిక్కుకి నడిచింది. జుట్టు నిజం జుట్టులా ఉండాలి, నీళ్లు నిజం నీళ్లలా ఉండాలి, అంతా నున్నగా మెరవాలి. స్పైడర్ వర్స్ వచ్చి కామిక్ పేజీలోని చుక్కల్నీ గీతల్నీ తెర మీదకి తెచ్చింది, సెకనుకి 24 ఫ్రేముల్లోనూ కదపకుండా ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు ఆపింది, ఆ చిన్న కుదుపులోనే ప్రాణం ఉందని చూపించింది. ఆ మార్పు చాలా స్టూడియోలకి ధైర్యం ఇచ్చింది. జెఫ్ రో ‘ద మిచెల్స్ వర్సెస్ ద మెషీన్స్’కి కో-డైరెక్టర్‌గా చేసి వచ్చినవాడు, అందులో కూడా హీరోయిన్ గీసుకునే బొమ్మలు తెర మీదకి దూకుతుంటాయి.

కానీ తాబేళ్ల సినిమా స్పైడర్ వర్స్‌ని కాపీ కొట్టలేదు. ఇది అచ్చయిన కామిక్‌లా ఉండదు, క్లాసులో బోర్ కొట్టినప్పుడు నోట్‌బుక్ వెనక పేజీల్లో పెన్నుతో పిచ్చిగీతలు గీస్తాం చూడండి, అలా ఉంటుంది. వీధి దీపం వెలుగు చుట్టూ పెన్ను గీతలే, పేలుడు పొగలో గీతలే, చంద్రుడి మీద కూడా గీతలే. మనుషుల మొహాలు ఒక పక్కకి ఒరిగి ఉంటాయి, రెండు కళ్లు ఒకే సైజులో ఉండవు, పళ్లు వంకర. అందం కోసం ఎవరినీ సరిచెయ్యలేదు. పాత కార్టూన్‌లో మాస్క్ రంగు తీసేస్తే ఎవరు ఎవరో చెప్పడం కష్టం, ఇక్కడ నీడ చూసినా చెప్పొచ్చు. రాఫ్ బండలా ఉంటాడు, మైకీకి పళ్లకి క్లిప్పు, డానికి కళ్లద్దాలు. మాంట్రియల్, పారిస్, వాంకూవర్‌లలోని మిక్రోస్, సినీసైట్ స్టూడియోల వాళ్లు దీని మీద పనిచేశారు. కంప్యూటర్ తనంతట తాను నున్నగా గీస్తుంది, వంకరగా గీయించాలంటే ప్రతి షాట్‌లోనూ మనిషి కూర్చుని చెయ్యాలి, ఆ కష్టం తెర మీద కనిపిస్తుంది.

అయితే సినిమా నా మనసులో నిలిచిపోయింది ఈ తాబేళ్లని పెంచిన ఎలుక స్ప్లింటర్ వల్ల. పాత కార్టూన్‌లో స్ప్లింటర్ అంటే హమాటో యోషి అనే జపాన్ యోధుడు, ఎలుకగా మారిన మనిషి, కామిక్‌లో అయితే ఆ యోషి పెంపుడు ఎలుక. పగ, వంశం, శత్రువు, అంతా ముందే ఉండేది. ఇక్కడ అదంతా తీసేశారు. ఈ స్ప్లింటర్ న్యూయార్క్ మురుగు కాలువల్లో తిరిగే మామూలు ఎలుక. మనుషులు తనని అసహ్యించుకోవడం తప్ప ఇంకేమీ చూడలేదు. నలుగురు పసిపిల్లలు దొరికాక ఒకసారి ధైర్యం చేసి వాళ్లని పైకి తీసుకెళ్తాడు, జనం భయపడి తరుముతారు. ఆ రోజు నుంచి పిల్లల్ని కాపాడుకోవాలని పాత కుంగ్‌ఫూ సినిమాలు చూసి విద్య నేర్చుకుని వాళ్లకి నేర్పుతాడు. గొప్ప గురువేమీ కాదు, భయపడిపోయిన తండ్రి. ఆ గొంతు జాకీ చాన్‌ది. తర్వాత ఒక ఫైట్‌లో ఈ ముసలి ఎలుక చేతికి ఏది దొరికితే దాంతో, కుర్చీతో బల్లతో, జాకీ చాన్ ఒకప్పుడు కొట్టినట్టే కొడుతుంది, ఆ ఫైట్ చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

పిల్లలకి మాత్రం పైకి వెళ్లాలని ఉంటుంది. వీళ్లు బ్రూక్లిన్‌లో బయట వేసిన సినిమాని ఒక మేడ మీద దాక్కుని చూస్తారు, అందులో స్కూల్ ఎగ్గొట్టే కుర్రాడిని చూసి వీళ్లకి స్కూలుకి వెళ్లాలనిపిస్తుంది. నలుగురి కోరికా అదొక్కటే. లోకాన్ని కాపాడాలనే ఆశయం వాళ్లకి మొదట్లో లేదు. ఒక పెద్ద క్రిమినల్‌ని పట్టిస్తే జనం మెచ్చుకుంటారు, అప్పుడు స్కూల్లో చేరొచ్చు అని లెక్క వేసుకుంటారు. పదిహేనేళ్ల వాళ్లు వేసే లెక్క అచ్చం ఇలాగే ఉంటుంది.

ఆ క్రిమినల్ సూపర్‌ఫ్లై, ఐస్ క్యూబ్ గొంతు. అతనూ వీళ్లలాగే రూపం మారిన జీవే, అంటే మ్యూటెంటే, అతనికీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు, మనుషుల చేతిలో దెబ్బ తిన్నాడు. మనుషులు మనల్ని ఎప్పటికీ ఒప్పుకోరు అని స్ప్లింటర్ ఇంట్లో చెప్పిన మాటే సూపర్‌ఫ్లై బయట చెబుతాడు, కాకపోతే కాబట్టి వాళ్లని లేకుండా చేద్దాం అంటాడు. కథలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. విలన్ ఎక్కడి నుంచో ఊడిపడలేదు, తండ్రి భయమే ఇంకాస్త దూరం నడిస్తే ఎవరవుతుందో అతనే. తన పెంపకం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లగలదో స్ప్లింటర్‌కి అప్పుడు కనిపిస్తుంది, అతను మారతాడు, ఆ మారడం కోసం పెద్ద ఉపన్యాసం కూడా పెట్టలేదు.

తాబేళ్ల స్నేహితురాలు ఏప్రిల్ ఓనీల్‌ని కూడా స్కూల్ పిల్లని చేశారు. పాత కార్టూన్‌లో పసుపు జంప్‌సూట్ వేసుకుని చానల్ 6లో పనిచేసే రిపోర్టర్, ఎప్పుడూ ఎవరో ఎత్తుకుపోతే వీళ్లు వెళ్లి విడిపించాలి. ఇక్కడ అయో ఎడెబిరీ గొంతుతో ఉన్న ఏప్రిల్ స్కూల్ న్యూస్ చదువుతూ కెమెరా ముందు వాంతి చేసుకుని, అందరూ వెక్కిరిస్తుంటే తలెత్తుకోలేక తిరుగుతున్న పిల్ల. ఈ నలుగురి స్టోరీ పట్టుకుంటే ఆ అవమానం పోతుందనుకుంటుంది. తాబేళ్లకి ఆమె అవసరం ఎంతో ఆమెకి వాళ్ల అవసరం అంతే. ఆమె రూపం మార్చారని గొడవ చేసినవాళ్లతో నేను అసలు ఏకీభవించను. పాత ఏప్రిల్‌కి ఇంత కథ ఎప్పుడూ దక్కలేదు.

బాగోలేనివి కూడా ఉన్నాయి. బీబాప్, రాక్‌స్టెడీ, లెదర్‌హెడ్, మోండో గెకో, జెంగిస్ ఫ్రాగ్, వింగ్‌నట్, రే ఫిలెట్, సూపర్‌ఫ్లై గుంపులో ఇంతమంది మ్యూటెంట్లని ఒకేసారి దింపారు, పాల్ రడ్ గొంతిచ్చిన మోండో తప్ప మిగతావాళ్లు ఒకటి రెండు జోకులకే పరిమితం అయిపోయారు. బొమ్మలుగా అమ్ముకోవడానికి పనికొస్తారు, కథకి కాదు. ఈ కాలం సినిమాల పేర్లూ పాటల పేర్లూ డైలాగుల్లో మరీ ఎక్కువ, పదేళ్ల తర్వాత వాటిలో సగం ఎవరికీ అర్థం కావు. క్లైమాక్స్‌లో విలన్ కొండంత అయ్యి ఊరి మీద పడడం సూపర్‌హీరో సినిమాల్లో చాలాసార్లు చూశాం, అప్పటిదాకా వీళ్లని చూసి పరిగెత్తిన జనం ఒక్క టీవీ వార్తతో మారిపోవడం కూడా తొందరగా జరిగింది. ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ మ్యూజిక్ మాత్రం ఆ పోరాటాన్ని కూడా మోసింది.

సుమారు 7 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 18 కోట్ల దాకా వచ్చింది. రెండో భాగం తీస్తామని ప్రకటించారు, 2024లో ఇవే గొంతులతో ఒక టూడీ సీరీస్ కూడా వచ్చింది. సినిమా మొత్తం తాబేళ్ల పాత శత్రువు శ్రెడర్ పేరెత్తకుండా నిగ్రహంగా ఉండి, చివర్లో టైటిల్స్ మధ్య మాత్రం అతను రాబోతున్నాడని చూపించారు. నాకు భయం అక్కడే. శ్రెడర్ అంటే పగలూ వంశాలూ గంభీరమైన ముఖాలూ, అవి వచ్చేసరికి ఈ నలుగురి వాగుడుకి చోటు తగ్గిపోవచ్చు. జెఫ్ రో శ్రెడర్‌ని ఎంత భయంకరంగా చూపించినా సరే, ఆ కుర్రాళ్లని మళ్లీ ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డ్ చెయ్యాలి, క్లాసులో ఏప్రిల్ పక్క సీటు ఎవరిదో తేలక వాళ్లు కొట్టుకునే సీన్ ఒకటైనా ఉండాలి.