పట్టాలు తీసేశాక మిగిలిన దారి

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో క్లైడ్ అనే చిన్న ఊరి నుంచి మిడిల్‌మార్చ్ వరకు 152 కిలోమీటర్ల పొడవున ఒక కంకర దారి ఉంది. దాని మీద నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు, గుర్రమెక్కి కూడా వెళ్ళవచ్చు. మోటారు వాహనాలకు మాత్రం ప్రవేశం లేదు. ఓటాగో సెంట్రల్ రైల్ ట్రెయిల్ అని పేరున్న ఈ దారిని, డునెడిన్‌లో కాపురం పెట్టిన ఎనిమిదేళ్ళకు గాని నేను చూడలేకపోయాను. మొన్న జనవరిలో, అంటే ఇక్కడి నడివేసవిలో, నాలుగు రోజులు సెలవు పెట్టి, అద్దె సైకిలు మీద ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళి వచ్చాను. వెళ్ళేటప్పుడు కొండలను, వంతెనలను చూద్దామనే ఉత్సాహమే తప్ప వేరే ఆలోచన లేదు గాని, తిరిగి వచ్చిన తరువాత మాత్రం ఆ దారి అసలు ఎలా మిగిలిందన్న సంగతే మనసులో తిరుగుతున్నది.

ఇది ఒకప్పటి రైలు మార్గం. 1861లో ఈ ఓటాగో ప్రాంతంలో బంగారం దొరికిన తరువాత వేలాది మంది ఈ లోపలి ప్రాంతాలకు తరలివచ్చారు. డునెడిన్ వైపు నుంచి రైలు మార్గం పని 1879లో మొదలైంది. కొండలను తొలుచుకుంటూ, లోయల మీద వంతెనలు కట్టుకుంటూ అది 1891కి మిడిల్‌మార్చ్‌కు, 1907కి క్లైడ్‌కు, చివరకు 1921కి క్రామ్‌వెల్‌కు చేరింది. అప్పటికి బంగారపు సందడి ఏనాడో సద్దుమణిగింది కనుక రైలు ఎక్కువగా మోసినది గొర్రెలను, ఉన్నిని, పండ్లను. ఆ తరువాత లారీలు వచ్చాయి. క్లైడ్ దగ్గర పెద్ద ఆనకట్ట తలపెట్టడంతో 1980లో క్రామ్‌వెల్ వైపు చివరి భాగం మూతపడింది. ఆ ఆనకట్టకు సామగ్రి మోసిన పుణ్యాన మిగిలిన మార్గం ఇంకొక పదేళ్ళు బతికి, 1990లో ఆగిపోయింది.

మిడిల్‌మార్చ్ వరకు ఉన్న పట్టాలను పర్యాటక రైలు కోసం డునెడిన్ నగర పాలక మండలి కొనుక్కుంది. మిడిల్‌మార్చ్ అవతల క్లైడ్ వరకు పట్టాలు, స్లీపర్లు ఊడదీసి పట్టుకుపోగా మిగిలింది రైలు కట్ట ఒక్కటే. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటె కీలకమైన ఘట్టం ఇదే. ఆ సన్నని నేల పట్టీని ముక్కలు ముక్కలుగా కోసి ఇరుపక్కల రైతులకు అమ్మివేయడం చాలా తేలిక. అలా జరుగుతుందని ఎదురుచూసినవారూ ఉన్నారు. అలా జరగలేదు. 1993లో దేశపు ప్రకృతి సంరక్షణ శాఖ ఆ పట్టీ మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ మరుసటి ఏడు, అంటే 1994లో, దానిని దారిగా మార్చేందుకు నిధులు పోగుచేయడానికి స్థానికులు ఒక ట్రస్టు ఏర్పాటు చేసుకున్నారు. నేల ప్రభుత్వానిది, పూనిక ఊళ్ళవారిది అన్న ఈ ఏర్పాటు నేటికీ నడుస్తున్నది.

దారి చేయడమంటే రైలు పోయిన జాడలో సైకిలు పోనివ్వడమే కదా అని నేను కూడా అనుకునేవాణ్ణి. రైలు కట్ట మీద పరిచేది పిడికెడంత కంకర రాళ్ళు. వాటి మీద సైకిలు తొక్కితే మోకాళ్ళు, చక్రాలు రెండూ మిగలవు. కనుక సన్న కంకర పరిచి అణగదొక్కాలి. వంతెనల మీద స్లీపర్ల నడుమ ఖాళీలోంచి కింద ఏరు కనిపిస్తుంది. దాని మీద చెక్క పలకలు బిగించి, రెండు పక్కలా కమ్ములు పెట్టాలి. ఈ దారిలో అటువంటి వంతెనలు అరవైకి పైగా ఉన్నాయి. గొర్రెల మందలు దాటే చోట్ల గేట్లు, అక్కడక్కడా మరుగుదొడ్లు, పూర్వం గ్యాంగ్‌మెన్ తలదాచుకున్న రేకుల గదుల తరహాలో సమాచార ఫలకాలుండే చిన్న పాకలు, ఇవన్నీ కావాలి. వీటిలో ఏ ఒక్కటీ ప్రారంభోత్సవ ఫోటోలో చెప్పుకోదగినట్టు కనిపించేది కాదు. భాగాలు భాగాలుగా సిద్ధమైన ఆ దారి 2000 ఫిబ్రవరిలో పూర్తి నిడివితో ప్రారంభమైంది.

రైలు ఇంజను ఎత్తు ఎక్కలేకపోవడం మనకు ఎంత మేలు చేసిందో తొక్కితే గాని తెలియదు. ఈ మార్గంలో ఎక్కడా యాభై మీటర్ల దూరానికి ఒక మీటరుకు మించి ఎత్తు పెరగదు. ఓటురెహువా, వెడర్‌బర్న్ ఊళ్ళ మధ్య 618 మీటర్ల ఎత్తున ఉన్న శిఖర స్థానాన్ని యాభై నాలుగేళ్ళ నేను దిగి నెట్టుకుంటూ పోయే అవసరం లేకుండానే దాటాను. అక్కడ పాతిన బోర్డు కనబడకపోతే దాటిన సంగతి కూడా తెలిసేది కాదు. ఎదురుగాలి మాత్రం వేరే విషయం. మానియోటోటో మైదానంలో మూడో రోజు మధ్యాహ్నం వీచిన గాలికి, పల్లంలో కూడా బలం పెట్టి తొక్కవలసి వచ్చింది. పూల్‌బర్న్ లోయలో ముప్పై ఏడు మీటర్ల ఎత్తున్న రాతి స్తంభాల వంతెన, దాని దగ్గరలోనే రెండు సొరంగాలు వస్తాయి. సొరంగం సగంలో రెండు వైపుల వెలుతురూ చిన్నదైపోతుంది కనుక టార్చిలైటు లేనిదే వెళ్ళకూడదు. అలెగ్జాండ్రా పరిసరాలలో ఎండిన గుట్టల నిండా అడవి థైమ్ పొదలు. చక్రం కింద నలిగినప్పుడల్లా మా ఊళ్ళో వామాకు తుంచిన వాసన గుర్తుకు వచ్చింది.

ట్రస్టు పని మొదలైనప్పుడు అందరూ చప్పట్లు కొట్టలేదు. దారి తమ పొలాల మధ్య నుంచి పోతుంది కనుక అపరిచితులు గేట్లు తెరిచి వదిలేస్తారని, గొర్రెలు బెదిరిపోతాయని, ఎండాకాలంలో ఎవరో పారవేసిన నిప్పుతో గడ్డి అంటుకుంటుందని రైతులు భయపడ్డారు. ఆ భయాలు అర్థం లేనివి కావు. అయితే మూతపడే స్థితిలో ఉన్న కొట్లకు, హోటళ్ళకు బేరాలు పెరగడం, ఖాళీ పడిన ఇళ్ళు బసలుగా మారడం చూసిన తరువాత వ్యతిరేకించినవారిలో కొందరు తామే అద్దె గదులు తెరిచారు. నేను రెండో రాత్రి బస చేసినది అటువంటి రైతు కుటుంబం ఇంట్లోనే. ఒక రోజు ప్రయాణానికి ఒక ఊరు చొప్పున ఆగవలసి రావడం ఇక్కడి కిటుకు. కారులో రెండు గంటల్లో దాటిపోయేవాడు ఏ ఊళ్ళోనూ కాఫీ తాగడు. దారిలో ట్రస్టు పేరిట ఒక పాస్‌పోర్టు పుస్తకం కూడా అమ్ముతారు. ఊరూరా ముద్ర వేయించుకోవచ్చు. పిల్లల ఆటలా తోచి మొదట నవ్వాను గాని, రాన్‌ఫర్లీ దగ్గర ఒక ముద్ర మరిచి అరకిలోమీటరు వెనక్కి వెళ్ళినవాణ్ణి కూడా నేనే.

2009లో అప్పటి ప్రధాని జాన్ కీ ఆధ్వర్యంలో, ఉపాధి సమావేశంలో పుట్టిన ఆలోచనతో, దేశమంతటా సైకిలు దారులు వేయడానికి ప్రభుత్వం ఐదు కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు అందరూ చూపించిన నమూనా ఈ దారే. అయితే కొత్తవాటికి తయారుగా ఉన్న రైలు కట్ట ప్రతిచోటా లేదు. అలెగ్జాండ్రా నుంచి దక్షిణంగా క్లూథా నది వెంట 2013లో తెరిచిన రాక్స్‌బర్గ్ లోయ దారి అందుకు సాక్ష్యం. మధ్యలో భూమి విషయంలో ఒప్పందం కుదరక సుమారు 12 కిలోమీటర్లు దారి తెగిపోయింది. సైకిలును జెట్ బోటు మీద పెట్టుకుని నది వెంట ఆ భాగం దాటాలి. బోటు షికారు సరదాగానే ఉంటుందంటారు. నాకు మాత్రం ఆ పన్నెండు కిలోమీటర్లను పటంలో చూసినప్పుడు 1993 నాటి నిర్ణయం విలువ మరింత స్పష్టమైంది.

నాలుగో రోజు హైడ్ దాటిన తరువాత, 1943 జూన్ 4న రైలు పట్టాలు తప్పి 21 మంది మరణించిన చోటికి దగ్గరలో రాళ్ళు పేర్చి కట్టిన స్మారకం దగ్గర ఆగాను. సాయంత్రం మిడిల్‌మార్చ్‌లో ఆఖరి ముద్ర వేయించుకుని, ద్రాక్షారామంలో ఉన్న మా మావయ్యకు ఫోను చేశాను. మా కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం 1928లో వచ్చింది, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు ఊడదీశారు, తిరిగి రైలు నడిచినది 2004లో. ఆ నడిమి కాలమంతా కట్ట మీదనే బడికి నడిచిన మనిషి ఆయన. నేను చెప్పినదంతా ఓపికగా విని, వంతెనల గురించి గాని, కొండల గురించి గాని ఒక్క మాట అడగకుండా, "అయితే ఆ కట్ట ఎవరూ కలుపుకోలేదన్నమాట" అన్నారు. లేదు మావయ్యా, అన్నాను. "మరైతే అక్కడ రైలు మళ్ళీ ఎప్పుడు వేస్తార్రా?" అని అడిగారు.