వాకిట్లో బతుకమ్మ పూలు: పెత్రమాస నుంచి కార్తీకం దాకా

బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్య, అంటే పెత్రమాస, ఏ తేదీన పడిందో చూసుకున్నాకే బంతి విత్తనం చేతిలోకి తీసుకోవాలి. 2024లో అది అక్టోబర్ 2న వచ్చింది. 2025లో సెప్టెంబర్ 21నే వచ్చేసింది. పదకొండు రోజుల తేడా మనకు లెక్కలోకి రాదు గాని, మొక్కకు అది మొగ్గకూ పువ్వుకూ మధ్య ఉన్న ఎడం. ముద్దబంతి విత్తిన రోజు నుంచి పువ్వు విచ్చడానికి రెండు నెలలు పైనే పడుతుంది. తల తుంచితే ఇంకో వారం, పది రోజులు కలపాలి. అందుకే ఈసారి, 2025లో, పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, జూలై మొదటి వారంలోనే నారు పోశాను.

మాది పాలమూరు (మహబూబ్‌నగర్) పట్టణం. ఇంటి ముందు ఒక వసారా, మూడు మెట్లు, మెట్లకు అటూ ఇటూ సిమెంటు అరుగులు. నేలలో మొక్క పెట్టడానికి జానెడు జాగా కూడా లేదు. అయినా పండుగ తొలిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆ వసారా నిండా మన పూలు పూయాలని నా కోరిక. నర్సరీలో పండుగ ముందు దొరికే రంగురంగుల మొక్కలు కొని పెట్టుకుంటే ఒక్క పూటలో అయిపోయే పనే. నాకు కావలసింది అది కాదు. గునుగు, తంగేడు, సీతజడ, బంతి, గుమ్మడి, అంటే బతుకమ్మలో పేర్చేవే గడప ముందు పెరగాలి.

దీనికి కారణం ఉంది. మా చిన్నప్పుడు ఊరు దాటితే చాలు, జొన్న చేలల్లో, పల్లికాయ చేలల్లో గునుగు తెల్లగా నిలబడి ఉండేది. అడిగే పని లేకుండా ఒడి నిండా కోసుకొచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ చేలు ప్లాట్లయ్యాయి. మిగిలిన చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. గునుగు రైతుకు కలుపే కదా, వాళ్లను అనేదేమీ లేదు. కానీ పండుగ చివరి రోజు, సద్దుల నాడు గడియారం చౌరస్తాలో గుప్పెడు గునుగును బేరమాడి కొంటుంటే మనసుకు బాగుండదు.

ముందు ఎండ సంగతి చూసుకున్నాను. మాది దక్షిణం వాకిలి. దక్షిణం అనగానే మొహం చిట్లించేవాళ్లు ఉన్నారు గాని, ఈ కాలంలో పూలకు ఇంతకు మించిన దిక్కు లేదు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు దక్షిణం వసారాలోకి ఎండ రాదు. ఆగస్టు మొదటి వారం దాటాక ఆయన దక్షిణానికి జరగడం మొదలుపెడతాడు. సెప్టెంబర్ 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యేసరికి ఎండ మెట్ల మీది నుంచి వసారా అంచు దాకా వచ్చేస్తుంది. కార్తీకంలోనైతే గడపను తాకుతుంది. కాబట్టి జూలై, ఆగస్టుల్లో మొక్కలన్నీ మేడ మీద ఎండలో పెంచి, పూత మొదలయ్యాక కిందికి దింపాలని తేల్చుకున్నాను. బంతికీ గునుగుకూ రోజుకు ఆరు గంటల ఎండ పడకపోతే కాడ సాగుతుంది గాని పువ్వు రాదు.

కుండీలు కుమ్మరి దగ్గర మట్టివే తెచ్చాను. ప్లాస్టిక్‌వి తేలిక, చవక, కానీ ముసురు పట్టినప్పుడు వాటిలో తడి ఆరదు, వేరు కుళ్లుతుంది. మా అత్తమ్మ ఊరి నుంచి రెండు పాత గోలేలు, అంటే పెద్ద తొట్లు, కూడా వచ్చాయి. ఒకప్పుడు పశువులకు కుడితి పోసినవి. వాటి అడుగున బొక్కలు పెట్టించాం. మట్టికి రెండు పాళ్లు చల్క మన్ను (ఎర్ర ఇసుక నేల మట్టి), ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, ఒక పాలు ఇసుక, కుండీకి గుప్పెడు వేపపిండి. బొక్క మీద పెంకు ముక్క బోర్లించి, కుండీ కింద ఇటుకలు పెడితే నీళ్లు ఆగవు. పైన జాజు, అంటే ఎర్రమన్ను, పూసి, సున్నంతో చుక్కలు పెట్టాను. ఎర్ర జాజు మీద తెల్ల చుక్క పడితే ఏ రంగు కుండీ అయినా దాని ముందు దిగదుడుపే.

గునుగు విషయంలో ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అత్తమ్మే.

"గునుగు కుండీల పెడ్తవా బిడ్డా? మేం చేన్ల పీకి గట్టు మీద పారేసేటోళ్లం."

"ఇప్పుడు గట్టు మీద గూడ లేదు గదా అత్తమ్మా," అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఊరికి ఫోన్ చేసి, కిందటేడు ఎండిన గునుగు కంకులు ఎవరింట్లో ఉన్నాయో ఆరా తీసి ఆమే తెప్పించింది. ఆ కంకిని అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. ఆవాల కన్నా చిన్నవి. వాటిని లోతుగా పాతకూడదు. తడి మట్టి మీద చల్లి, పైన పొడి ఇసుక చిలకరిస్తే చాలు, వారం తిరక్కుండా మొలుస్తాయి. దీనికి ఎరువు ఎక్కువ పెడితే ఆకు ఏపుగా వస్తుంది, కంకి ఆలస్యమవుతుంది. చల్క నేలల్లో పెరిగిన మొక్క, బీద మట్టే దానికి ఒంటబడుతుంది. అందుకని గునుగు కుండీల్లో పెంట ఎరువు సగం తగ్గించాను. కుండీకి మూడు మొక్కలుంచి మిగతావి పీకేస్తే, ఆ లేత మొక్కలు కూరకు పనికొచ్చాయి. పప్పులో వేసింది అత్తమ్మ. జానెడు ఎత్తుకు రాగానే ప్రతి మొక్క తల తుంచాను. ఒక్క కంకి రావలసిన చోట నాలుగైదు కొమ్మలొచ్చి, సెప్టెంబర్ మొదటి వారానికి లేత గులాబీ రంగు మొనలు కనిపించాయి. పోనుపోను కంకి కింది భాగం వెండిలా తెల్లబడుతుంది, మొన మాత్రం గులాబీగానే ఉంటుంది. రంగుల్లో ముంచిన గునుగు చూసి చూసి, దాని సొంత రంగు ఎంత బాగుంటుందో మరిచిపోయాం మనం.

తంగేడు తొందరపడితే వచ్చేది కాదు. బయట పెరిగిన మొక్కను తవ్వి తెస్తే బతకదు, దాని తల్లివేరు లోతుకు పోయి ఉంటుంది. గింజ నుంచే పెంచాలి. గింజ తోలు గట్టిది. మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వాలి, ఉబ్బిన గింజలే విత్తాలి. నేను కిందటేడు వానాకాలంలో విత్తినవి ఆ ఏడు ఆకులే చూపించాయి, ఈ ఏడు పూశాయి. అది కూడా గోలెంలో పెట్టినదే, వేరుకు లోతు దొరికింది కాబట్టి. మన రాష్ట్ర పుష్పం మన గడప ముందు పసుపుపచ్చగా పూసి నిలబడితే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

బంతి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అది మాట వినే మొక్క. నాలుగు వారాల నారును కుండీల్లోకి మార్చి, నాలుగైదు జతల ఆకులు రాగానే తల తుంచాను. మూడు వారాలాగి రెండో విడత నారు పోశాను, అది దసరా దాటి అక్టోబర్ 20 దీపావళికి అక్కరకొచ్చింది. సీతజడకు కూడా ఇదే వరస, కాకపోతే దాని తల తుంచకూడదు. నడి కాడ మీద వచ్చే పెద్ద పువ్వే దాని అందం.

వసారా గ్రిల్లుకు గుమ్మడి తీగ పాకించాను. జూన్‌లో పెట్టిన గింజ ఆగస్టుకల్లా గ్రిల్లంతా కమ్మేసింది. గుమ్మడిలో మొగపూలు ముందు వస్తాయి, చాలా వస్తాయి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. పొద్దున్నే తేనెటీగల పనికి నాలుగు మొగపూలు వదిలేసి మిగతావి కోసుకుంటే కాయకు నష్టం లేదు. బతుకమ్మ అడుగున సిబ్బి పళ్లెంలో పరిచే ఆకు, నడుమ గౌరమ్మకు పువ్వు, రెండూ ఇంటి గ్రిల్లు మీదే దొరికాయి.

వానలప్పుడు చూసుకోవలసినది దోమ. కుండీ కింద పళ్లేల్లో నీళ్లు వారం నిలిస్తే డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా అక్కడే పెరిగిపోతుంది. మున్సిపాలిటీ వాళ్లు శుక్రవారం డ్రైడే అని చెప్పేది ఇందుకే. నేను పళ్లేలు తీసేసి ఇటుకలే ఉంచాను. ఇక కోతులు. వాటికి గుమ్మడి పిందె కనబడితే కుండీలు కూడా దొర్లుతాయి. మా వీధిలో కుక్కలుండడం వల్ల బయటపడ్డాం.

పెత్రమాసకు వారం ముందు మొక్కలన్నీ మేడ దిగాయి. గోలేలు రెండూ మెట్లకు చెరో పక్క, వాటిలో తంగేడు. గోడకు ఆనించి గునుగు, అది నడుమెత్తు దాకా వస్తుంది. దాని ముందు సీతజడ, మెట్ల అంచున బంతి. వసారా నడుమ మాత్రం ఏమీ పెట్టలేదు. ముగ్గు వేయాలి, పొద్దుమూకి పక్కింటి వదినలు వచ్చి కూర్చుని బతుకమ్మ పేర్చాలి. మొక్కల కోసం మనుషుల జాగా తీసేస్తే అది వసారా అనిపించుకోదు.

ఇక్కడే ఇంట్లో ఒక వాదం వచ్చింది. ఇంత అందంగా పూసినవి కోసేస్తే వాకిలి బోసిపోతుంది, పూలు బజారులో కొందాం, ఇవి ఇలాగే ఉంచుదామని మా ఆయన. నేను ఒప్పుకోలేదు. బంతి పువ్వును చెట్టుకే వదిలేస్తే గింజ కట్టి, ఆ మొక్క ఇక పూయడం తగ్గిస్తుంది. కోస్తే పక్క కణుపుల్లో కొత్త మొగ్గ లేస్తుంది. గునుగు కూడా అంతే, పై కంకి కోస్తే కింది కొమ్మలు సాగుతాయి. అన్నీ ఒక్కసారే కాకుండా, ఒకరోజు కుడిపక్క కుండీలవి, మరునాడు ఎడమపక్కవి కోశాం. సద్దుల నాడు మాత్రం చేయి ఆపలేదు. నిలువెత్తు బతుకమ్మ కాకపోయినా మా సిబ్బి నిండింది, ఇద్దరు వదినలకు తలా ఇంత పంచాను. దసరా పొద్దున వాకిట్లో గింజకు వదిలిన నాలుగు కంకులు, బంతి మొగ్గలే మిగిలాయి. మళ్లీ దీపావళికి వసారా పచ్చగా నిండింది. మా ఆయన ఆ బంతిని చూసి రెండో మాట మాట్లాడలేదు.

కార్తీకానికి చామంతి. ఇది నారు పోయలేదు, నర్సరీలో లేత మొక్కలు కొన్నాను. అమ్మేటాయన ముందే అడిగాడు.

"అక్కా, మీ ఇంటి ముంగట రాత్రి లైటు పడ్తదా? పడ్తే మొగ్గ రాదు. చామంతికి చీకటి గావాలె."

ఆయన చెప్పింది నిజం. చామంతి రాత్రి పొడుగును కొలుచుకుని మొగ్గ తొడుగుతుంది. గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లోనే పగలు, రాత్రి పొడుగులను బట్టి మొక్కలు పూస్తాయని రాశారు. నడిరాత్రి కాసేపు వెలుతురు పడినా రాత్రి తెగిపోయినట్టే మొక్క లెక్క. మా గేటు ముందు వీధి దీపం ఎల్ఈడీ, అరుగు మీద పట్టపగల్లా పడుతుంది. అందుకని చామంతి కుండీలను స్తంభం చాటున, వెలుతురు తగలని మూలలో పెట్టాను. వసారా బల్బు పడుకునే ముందు ఆర్పేయడం ఇంట్లో అందరికీ అలవాటైంది. మొగ్గలు రంగు చూపాకే ముందుకు జరిపాను. కార్తీక దీపాల పక్కన తెలుపు, పసుపు చామంతులు వచ్చాయి, తులసి కోట దగ్గర రెండు కుండీలు చేరాయి.

ఎండిన గునుగు, సీతజడ కంకులు కాగితపు సంచుల్లో దులిపి, బూడిద కలిపి దాచాను. తంగేడు కాయలు కూడా కోశాను. గునుగు గింజ కుండీలకు పోను చాలా మిగిలింది, అత్తమ్మ దాన్ని ఊరికి తీసుకుపోయి చెరువు కట్ట వెంబడి చల్లుతానంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి పెత్రమాస అక్టోబర్ 10న, దసరా అక్టోబర్ 20న పడతాయి. మీరూ పెట్టదలిస్తే బంతి నారుకు జూలై చివరి వారం సరిపోతుంది, గునుగును ఆ నెల నడుమ చల్లుకోండి. తంగేడు గింజ మాత్రం ఈ వానలకే వేయండి, ఆ పై ఏటికి పూస్తుంది.