సింగిల్టన్‌లో బేలీఫ్ ఇల్లు, మా అమ్మ గవాక్షి

అమ్మ కర్నూలు నుంచి వచ్చి నెల దాటింది, లండన్‌లో చూడాల్సినవన్నీ అయిపోయాయి, ఇంక కోటలూ చర్చిలూ వద్దు నాయనా, ఇక్కడ రైతులు ఎట్లాంటి ఇళ్ళల్లో ఉండేవాళ్ళో చూపించు అంది. సరే అని విక్టోరియాలో ట్రైన్ ఎక్కి చిచెస్టర్ దాకా పోయి, అక్కడ 60 నంబర్ బస్సు పట్టుకుని సింగిల్టన్ అనే చిన్న ఊళ్ళో దిగాం. అక్కడ వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియం ఉంది. మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు కాదు, కొండ వాలు మీద నిజం ఇళ్ళు, కొట్టాలు, ఒక మిల్లు, యాభై దాకా ఉంటాయి. అన్నీ వేరే ఊళ్ళల్లో పడగొట్టబోతుంటే విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టినవే.

మేం ఎక్కువసేపు ఉన్నది ఒక రైతు ఇంట్లో, ఆ ఇంటి పేరు బేలీఫ్. కెంట్ జిల్లాలో చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది, ఎక్కువ భాగం 1400ల మొదట్లో కట్టింది, ఒక పక్క గదులు 1510 ప్రాంతంలో చేర్చారు, చెక్కలో చెట్టు ఏటా పెరిగిన వలయాలు లెక్కపెట్టి ఈ సంవత్సరాలు తేల్చారంట. బయటినుంచి చూస్తే రెండు చివర్లా మేడ గదులు కింది గోడ దాటి ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, మధ్య భాగం లోపలికి ఉంటుంది, కానీ పైన పెంకుల కప్పు మాత్రం అన్నిటికీ ఒక్కటే, అందుకని మధ్యలో చూరు ఎక్కువ ముందుకొస్తుంది, దాన్ని మోయడానికి వంపు తిరిగిన ఓక్ కర్రలు రెండు. నాకు ఆ వంపు కర్రలు భలే నచ్చాయి, అట్లా వంగి పెరిగిన చెట్టుని వెతికి తెచ్చుంటారు అనిపించింది.

లోపలికి పోతే మధ్య గది నేల నుంచి కప్పు దాకా ఒకటే ఎత్తు, అటక లేదు, చిమ్నీ లేదు, నేల మధ్యలో మంట. పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచి పోవాల్సిందే. దూలాలు నల్లగా ఉన్నాయి. కిటికీలకి అద్దాల్లేవు, నిలువు చెక్క కమ్మీలు, చలేస్తే మూయడానికి చెక్క తలుపు, అంతే. అమ్మ తల పైకెత్తి చాలాసేపు చూసి, "మన గవాక్షి లెక్కనే ఉంది కదరా" అంది.

తెలీనివాళ్ళకి చెప్తా, మా వైపు మట్టి మిద్దెలకి కప్పులో ఒక కన్నం వదులుతారు, వెలుగు రావడానికి, పొగ పోవడానికి, వానొస్తే బండ మూసేవాళ్ళు, దాన్నే గవాక్షి అంటారు. గోడలు చూసి అమ్మ ఇంకా ముచ్చటపడింది, కర్రల మధ్య తడిక అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి తొక్కి మెత్తినవి. అయిదారువందల ఏళ్ళ కింద ఇంగ్లండ్ రైతూ మా అవ్వ తొక్కిన మట్టే తొక్కాడన్నమాట.

బేలీఫ్‌ని ఎందుకు కదిలించారో చదివాక మాత్రం ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. బావ్ బీచ్ అనే రిజర్వాయర్ కోసం ఆ ఇల్లున్న లోయ ముంపులో పోయింది. 1968లో విప్పడం మొదలుపెట్టారు, 1972కల్లా ఇక్కడ నిలబెట్టారు. అదే లోయ నుంచి విన్‌క్‌హర్స్ట్ అనే ఇంకో ఇల్లు కూడా వచ్చింది. మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది, 1981లో, అప్పుడు అమ్మకి పదిహేనేళ్ళు. అదే ముంపులో పడిన కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయికీ నంబర్ వేసి అలంపురంలో మళ్ళీ కట్టారు, చాలా మంచి పని, నేను ఎన్నిసార్లు చూసినా చెయ్యెత్తి మొక్కుతా. కానీ ఒక్క రైతు మిద్దెని కూడా అట్లా తీసి పెట్టాలని ఎవరికీ అనిపించలేదు, అదే నాకు బాధ. గుడి, కోట, శాసనం అయితేనే పురాతనం, జనం పుట్టి పెరిగిన ఇల్లు పాత ఇల్లు, అంతేనా?

ఇంగ్లండ్‌లో 1947 చట్టం నుంచే పాత ఇళ్ళని కాపాడాల్సినవని లిస్టులో పెట్టడం మొదలైంది, అందులో మామూలు రైతు ఇళ్ళు కూడా ఉంటాయి, 1968లో ఇంకో చట్టం తెచ్చి లిస్టులో ఉన్నదాన్ని పర్మిషన్ లేకుండా పడగొట్టడానికి, రూపం మార్చడానికి వీల్లేదన్నారు. ఇల్లు పుట్టిన చోటే కాపాడాలి, కదిలించడం వేరే దారి లేనప్పుడే, అన్నది ఇక్కడ చాలామంది పట్టుగా చెప్పే మాట. నేనూ ఒప్పుకుంటా, పొలం లేని రైతు ఇల్లు సగం ఇల్లే. కానీ నీళ్ళు వస్తున్నప్పుడు ఆ సగమైనా దక్కాలి కదా.

అసలు ఈ ఇల్లు విప్పడానికి ఎందుకు కుదిరిందంటే కట్టడమే అట్లా కట్టారు. వడ్రంగులు పచ్చి ఓక్ కర్రని కోసి, ముందు నేల మీద ఫ్రేమ్ పరిచి, చెక్క కొసని సన్నం చేసి ఇంకో చెక్కలో తొలిచిన బెజ్జంలో దూర్చి కొయ్య చీల కొట్టేవాళ్ళు, రెండిటి రంధ్రాలు కొంచెం ఎడంగా పెడతారు, చీల దిగేకొద్దీ అతుకు దగ్గరికి లాగబడుతుంది, కర్ర ఆరేకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఏ కర్ర ఏ కర్రకి కలవాలో రోమన్ అంకెల్లాంటి గీతలు గీసుకుని, మొత్తం ఊడదీసి, ఇల్లు కట్టే చోటుకి మోసుకుపోయి మళ్ళీ నిలబెట్టేవాళ్ళు.

అమ్మ చూపుడువేలితో గాలిలోనే మూడు గీతలు గీసి, "మా నాయన కూడా బొగ్గుతో గుర్తులు పెట్టినాడు రా" అంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు తాత దూలాలు, దంతెలు, దర్వాజా విప్పి ఎడ్లబండి మీద వేసుకొచ్చాడని నాకు తెలుసు, గుర్తుల సంగతి ఇదే మొదటిసారి వినడం. కొత్త చోట స్థలం చిన్నది, సగం దూలాలు ఇంటికి వాడి మిగతావి పశువుల కొట్టానికి వేశారంట.

తిరుగు బస్సు కోసం నిలబడి ఉండగానే అమ్మ వాట్సాప్‌లో పెద్దమామకి ఫోన్ చేసింది. అక్కడ రాత్రి పది, మామ నిద్ర మొహంతో ఎత్తాడు. కొట్టం దూలాల మీద నాయన గీసిన గుర్తులు ఉన్నాయా అని అడిగితే, బూజు పట్టిపోయింది అక్కా, తెల్లారినాక నిచ్చెన వేసి తుడిచి ఫోటో పెడతా అన్నాడు.