తట్టుకోవడం నేర్చుకున్నాను

ఎమ్మెస్సీలో నా సెమినార్ రోజు బోర్డు ముందు నిలబడితే నోట మాట రాలేదు. చేతిలో మార్కర్ ఒకటే వణుకు. దాని మూత తీయలేక, "సారీ మేడమ్" అని వచ్చి కూర్చున్నాను. చదవక కాదు. ముందురోజు రాత్రి హాస్టల్ గోడకి మొత్తం అప్పజెప్పినదాన్నే. అప్పట్నుంచి వైవా, అంటే నోటితో జవాబులు చెప్పే పరీక్ష, అన్న మాట వింటే చాలు, కడుపులో తిప్పేది. అమ్మకి ఫోన్ చేస్తే "ఎవరి దిష్టో తగిలుంటుందే" అనేది.

మా ఫ్లోర్‌లో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఒకరుండేవారు. శనివారాలు వాళ్ళ మేడమ్ అమ్మాయిలకి టాపింగ్, అంటే ఒంటి మీద కొన్ని చోట్ల వేళ్ళతో తట్టుకుంటూ భయం తగ్గించుకోవడం, నేర్పిస్తున్నారు, ఓసారి రమ్మన్నారు. దీని అసలు పేరు ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్, పొట్టిగా ఈఎఫ్‌టీ. రోజర్ కల్లహన్ అనే అమెరికా సైకాలజిస్టు పద్ధతిని గ్యారీ క్రెయిగ్ అనే ఆయన 1990ల్లో సులువు చేసి ఇలా తయారుచేశాడట. ఆయన చదివింది ఇంజనీరింగ్ అని తెలిసి నాకు నవ్వొచ్చింది. అయినా వెళ్ళాను. పోయేదేముంది, ఒక గంట నిద్ర.

"కళ్ళు మూసుకుని వైవా గది తలచుకో. సున్నా నుంచి పది లోపు భయం ఎంతుంది?" అన్నారు మేడమ్. తొమ్మిది అన్నాను. "ఒంట్లో ఎక్కడుంది?" అదెవరూ అడగలేదు నన్ను. కాస్త వెతుక్కుంటే దొరికింది. గొంతు కింద, నీళ్ళు లేకుండా మింగిన మాత్రలా.

ముందు అరచేతి అంచున, చిటికెన వేలి కిందుగా, రెండో చేతి వేళ్ళతో తట్టుకుంటూ ఒక మాట మూడుసార్లు అనుకోవాలి. ఆ తర్వాత రెండు వేళ్ళతో కనుబొమ మొదట్లో, కంటి పక్కన ఎముక మీద, కంటి కింద, ముక్కు కింద, పెదవి కింద గుంటలో, మెడ ఎముక కింద, చంక కింద, నడినెత్తిన. ఒక్కోచోట ఐదారుసార్లు తట్టాలి. కళ్ళజోడు తీసేయాల్సిందే, లేదంటే టకటకమంటుంది. చంక దగ్గరికి వచ్చేసరికి అందరం కిసుక్కుమన్నాం. అబ్బాయిలెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

నాకు తట్టడం కంటే ఆ మాటే కష్టమైంది. "నాకీ ఆందోళన ఉన్నప్పటికీ నన్ను నేను సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను" అని కాగితం మీద ఉంది. డబ్బింగ్ సీరియల్ డైలాగ్‌లా అనిపించి నోరు తిరగలేదు. "నీ మాటల్లో చెప్పుకో" అన్నారు మేడమ్. "వైవా అంటే చచ్చేంత భయం. అయినా సరే, నన్ను నేను తిట్టుకోను" అన్నాను. రెండో సగం దగ్గర గొంతు పూడుకుపోయింది. సెమినార్ తర్వాత అన్నాళ్ళూ నేను చేసిన పని తిట్టుకోవడమేనని అప్పుడు తెలిసింది. మూడు రౌండ్లయ్యాక మళ్ళీ అడిగారు. ఆరు.

ఇక రోజూ రాత్రి మంచం మీద కూర్చుని తట్టుకునేదాన్ని. మొదటి రోజు రూమ్మేట్ చూసి "దోమలా?" అని ఆలౌట్ ఆన్ చేసింది.

శరీరంలో శక్తి నాడులున్నాయనీ, వాటి మీద తడితే అడ్డంకులు పోతాయనీ చెప్పే సిద్ధాంతం నాకు ఇప్పటికీ ఎక్కదు. అక్కే ఒక పరిశోధన గురించి చెప్పారు. 2003లో వచ్చిందది. ఉత్తుత్తి చోట్ల తట్టుకున్న విద్యార్థులకీ, బొమ్మ మీద తట్టినవాళ్ళకీ కూడా భయం తగ్గిందట. నాకైతే, దాచుకున్న భయాన్ని పైకి అనడం, ఆ కాసేపూ చేతికి ఒక పని ఉండడం పనిచేశాయనిపిస్తుంది. ఇది అన్నిటికీ మందూ కాదు. మాలో ఒకమ్మాయికి ఇంటి సంగతేదో గుర్తొచ్చి ఏడుపు ఆగకపోతే, మేడమ్ టాపింగ్ ఆపించి, తర్వాత తానే వెంటబెట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 మా అందరి చేతా రాయించారు.

వైవా రోజు బయట వరండాలో అందరి ముందూ మొహం మీద తట్టుకోలేను కదా. చున్నీ కింద అరచేతి అంచు ఒక్కటే తట్టుకున్నాను. భయం ఐదు దగ్గర ఆగింది, ఇంక దిగలేదు. లోపల మొదటి ప్రశ్నకి గొంతు వణికింది. రెండోదానికి జవాబు చెబుతుండగా ఎక్స్‌టర్నల్ సర్ చూపు బల్ల అంచు కిందికి వెళ్ళింది. చేయి దానంతటదే తడుతోంది.

"చెయ్యి నొప్పా అమ్మా?"

"లేదు సర్, టెన్షన్."

ఆయన తన ముందున్న నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి మూడో ప్రశ్న అడిగారు.