సుగ్గి నుంచి వచ్చిన పిల్లోడు, ఓపెన్ టెన్త్

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా గుంటూరు దిక్కు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పదో తరగతి పరీక్షలేమో మార్చిలో. అమ్మానాన్నల వెంట పోయిన పిల్లోడు పరీక్ష తప్పడానికి కారణం తెలివి లేకపోవడం కాదు, నెలలు కుదరవు, అంతే.

అందుకే ఇలాంటి పిల్లలకు ఎన్‌ఐఓఎస్ (రోజూ బడికి పోకుండానే చదువుకునే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) ఓపెన్ టెన్త్ మేలు. అక్టోబర్-నవంబర్‌లో కూడా పరీక్షలుంటాయి. ఊళ్లో పత్తి తీత అప్పుడే కాబట్టి పరీక్ష రోజుల సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. 14 ఏళ్లు నిండితే చేరొచ్చు, తెలుగులోనే రాయొచ్చు. ఐదు సబ్జెక్టులు ఒక్కసారే గట్టెక్కనక్కర్లేదు; 5 ఏళ్లలో 9 సార్లు రాసుకోవచ్చు. పాస్ మార్కు 33 శాతం. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లను చాలామంది వదిలేస్తారు. అలా చేస్తే చేతికందే మార్కులు పోతాయి.

చేర్చే ముందు ఆధార్ తీసి పుట్టిన తేదీ చూడండి. అంచనాగా వేయించిన "జనవరి 1"లు మన దగ్గర ఎన్నో. బడి రికార్డుతో కలవకపోతే ముందే సరిచేయించాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, పైగా టెన్త్ సర్టిఫికెట్ మీద పడిన తేదీనే ఆ తర్వాత అన్నిచోట్లా అడుగుతారు.

అసలు పొరపాటు జరిగేది సబ్జెక్టుల దగ్గర. లెక్కలు తప్పనిసరి కాదనగానే పిల్లోడికి ప్రాణం లేచొస్తుంది, సలహా ఇచ్చేవాళ్లూ సరే అంటారు. రెండేళ్ల తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ అడిగితే టెన్త్‌లో లెక్కలు, సైన్స్ ఉండాలంటారు. పాలిటెక్నిక్‌కూ లెక్కలు కావాలి. కాబట్టి "ఏం పని చేయాలనుంది నాయనా?" అని ముందు అడిగి, ఆ తర్వాతే ఫారం నింపండి. వెల్డర్ కావాలంటే ఎనిమిది పాసైతే చాలు, కోర్సు ఒక ఏడాదే. వాడిని టెన్త్ కోసం ఆపి కూర్చోబెట్టడం అన్యాయం.

ఇంకోటి. మూడో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదివించండి, ఒక భాగహారం చేయించండి. తడబడితే సిగ్గుపెట్టకుండా, మొదటి రెండు నెలలు రోజూ గంటసేపు అదే చేయించండి. ఇది దాటవేసి పదో తరగతి పుస్తకం చేతికిస్తే మూడో వారానికి రావడం మానేస్తాడు.

కోర్సు అయ్యి పనికి కుదిరాక, మొదటి జీతం చేతికొచ్చేది నెల తిరిగాకే. ఆదోనిలోనో కర్నూలులోనో గది అడ్వాన్సు, నెల తిండి, బస్సు చార్జీలు లెక్కగట్టి ముందే సర్దకపోతే పదిహేను రోజులకే మళ్లీ కూలికి పోతాడు.